బొమ్మ వచ్చింది, మాట రాలేదు

మన క్యాంపు మీటింగ్‌లో నేను మాట్లాడిన మాటలు ఇవి. డ్యూటీ ఉండి రాలేనివాళ్ల కోసం రాసి గ్రూపులో పెడుతున్నాను.



నేను చదివింది పదో తరగతి. దుబాయ్‌లో సూపర్‌వైజర్ పని చేస్తున్నాను. కంప్యూటర్ ఇంజనీరును కాదు. అయినా ఈ రోజు కంప్యూటర్ గురించే మాట్లాడుతున్నాను. మా క్యాంపులో ఒక తమ్ముడికి జరిగింది ఇంకొకరికి జరగొద్దు, అందుకు.

ఆ తమ్ముడిది జగిత్యాల దిక్కు. ఊళ్లో వాళ్ల బాపు చనిపోయిండు. లీవు, టికెట్ అన్నీ అయ్యి ఇంటికి చేరేసరికి రెండు రోజులు పడుతుంది. అంతవరకు ఆపలేమని ఇంటోళ్లు అన్నారు. "వీడియో కాల్ చేస్తం, చివరి చూపు చూసుకో బిడ్డా" అన్నారు. అతని ఫోన్ సైటులో పడి డిస్‌ప్లే పగిలి ఉంది. అందుకని రూమ్‌లో ఆరుగురు కలిసి కొనుక్కున్న పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అందులో అతని బోటిమ్ ముందు నుంచే ఉంది.

కాల్ కలిసింది. బాపు ముఖం కనపడింది. కానీ మాట రాలేదు. అవ్వ ఏడుస్తున్నది కనపడుతుంది, వినపడదు. ఇతను "అవ్వా, అవ్వా" అని అరుస్తున్నాడు, అక్కడ వినపడదు. అక్కడి ఫోన్‌లో ఇతని బొమ్మ కూడా నల్లగా ఉంది. కట్ చేసి మళ్లీ కలిపారు. ఐదు సార్లు కలిపారు. ఐదు సార్లూ అదే. ఇక ఆలస్యం చేయొద్దని అక్కడ పెద్దమనుషులు లేచారు. అయిపోయింది.

నేను పక్క రూమ్ నుంచి వచ్చేసరికి తమ్ముడు గోడ దిక్కు తిరిగి పడుకొని ఉన్నాడు. ల్యాప్‌టాప్ చూసిన. బోటిమ్ మూసి ఉన్నా కెమెరా పక్కన చిన్న లైటు వెలుగుతనే ఉంది. అంటే కెమెరాను ఇంకెవరో పట్టుకొని ఉన్నారు. కింద పట్టీలో చూస్తే జూమ్ ఉంది. రూమ్‌లో ఇంకో తమ్ముడు పొద్దున స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు వింటూ, వంట చూసుకోవడానికి పోయేటప్పుడు క్లాసు ఆపకుండా కిటికీని కిందికి దించి పోయాడు. అతని బ్లూటూత్ హెడ్‌సెట్ మంచం మీద దుప్పటి కింద ఆన్‌లోనే ఉంది. ఊరి నుంచి వచ్చిన మాట అంతా ఆ హెడ్‌సెట్‌లోకి పోయింది. ఈ తమ్ముడు అరిచిన అరుపు ల్యాప్‌టాప్ మైకులోకి కాక, దుప్పటి కింద ఉన్న మైకులోకి పోయింది.

ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. "నా బాపును చూడనియ్యలేదు" అని ఇతను, "నాకేం తెలుసు అన్నా" అని అతను. తొమ్మిది రోజులు ఒకే రూమ్‌లో ఉండి మాట్లాడుకోలేదు. తప్పు ఎవరిదీ కాదు. ఆ సంగతి తెలియకపోవడం వల్ల జరిగింది.

మన పని లెక్కలో చెప్తాను. సైటులో క్రేన్ ఒకటి, కొక్కెం ఒకటి. ఒక గ్యాంగు లోడు కట్టి, విప్పకుండా టీకి పోయింది. రెండో గ్యాంగు వచ్చి ఎంత అరిచినా క్రేన్ వాళ్లకు దొరకదు. క్రేన్ చెడిపోలేదు, ఖాళీ లేదు, అంతే. కంప్యూటర్‌లో కెమెరా కూడా అలాంటిదే. చాలాసార్లు ఒక యాప్ పట్టుకుంటే రెండో యాప్‌కు దొరకదు. అందుకే బొమ్మ రాకపోతే "యాప్ చెడిపోయింది" అని తీసేసి మళ్లీ వేయకండి. లోడు కట్టి వదిలేసిందెవరో ముందు చూడండి.

ఎలా చూడాలో వరుసగా చెప్తాను.

మొదటిది. మూలకు ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే యాప్ మూసుకుపోయిందని మనం అనుకుంటాం. చాలా యాప్‌లు మూసుకోవు, దాక్కుంటాయి. కింద కుడి మూలకు గడియారం పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే దాక్కున్నవి కనపడతాయి. ఒక్కొక్కదాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి క్విట్ లేదా ఎగ్జిట్ అనాలి.

రెండోది. అప్పటికీ కెమెరా లైటు ఆరకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో జూమ్, టీమ్స్, వాట్సాప్, ఏది నడుస్తుందో కనపడుతుంది. అక్కరలేనిదాన్ని పట్టుకొని ఎండ్ టాస్క్ నొక్కండి. పేర్లు తెలియనివాటి జోలికి పోవద్దు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, దాంట్లో కెమెరా తెరిస్తే ఏ యాప్ వాడుతుందో అక్కడా రాసి ఉంటుంది.

మూడోది మాట. కింద స్పీకర్ గుర్తు నొక్కితే శబ్దం ఎటు పోతుందో పేరు కనపడుతుంది. అక్కడ ఎవరిదో హెడ్‌సెట్ పేరు ఉంటే, బ్లూటూత్ ఆపేయండి. యాప్ సెట్టింగ్స్‌లో మైకు, స్పీకర్ అని విడిగా ఉంటాయి. రెండూ చూడాలి. ఒకటి సరిగా ఉండి రెండోది తప్పుంటే సగం మాటే పోతుంది.

నాలుగోది. ఒక్కోసారి కాల్ కలవగానే మిగతా యాప్‌ల శబ్దం బాగా తగ్గిపోతుంది. విండోస్‌ను ఎవరూ మార్చకపోతే అది కాల్ వచ్చినప్పుడు మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించేట్టు ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, కమ్యూనికేషన్స్ అనే దాంట్లో డూ నథింగ్ పెడితే ఆ బాధ ఉండదు.

ఐదోది. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే నాలుగైదు యాప్‌లు వాటంతట అవే లేస్తాయి. పాత మిషన్ ఊపిరాడక నిలబడిపోతుంది. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అని ఉంటుంది. అక్కడ వాటిని డిసేబుల్ చేయండి. యాప్ పోదు. మనం తెరిచినప్పుడే తెరుచుకుంటుంది.

అన్నింటికంటే ముఖ్యం, ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చి చూడండి. ఆ రోజు రూమ్‌లో ముగ్గురు మూడు దిక్కుల నుంచి మూడు బటన్లు నొక్కారు. అట్లయితే ఏది చెడిపోయిందో, ఏది బాగైందో దేవుడికి కూడా తెలియదు.

ఇంకో మాట. కొన్ని అసలు చెడిపోయినవి కావు. వాట్సాప్‌లో మెసేజ్, వాయిస్ మెసేజ్ ఇక్కడ పోతాయి కానీ, వాట్సాప్ కాల్ ఈ దేశంలో మామూలుగా నడవదు. అది రూలు. ల్యాప్‌టాప్ విప్పి చూసినా బాగుకాదు. ఇంటోళ్లకు ఈ సంగతి చెప్పండి. లేకపోతే వాళ్లు వాట్సాప్‌లో చేసి, "కావాలనే ఎత్తుతలేడు" అనుకుంటారు. ఎన్ని కొట్లాటలు ఇట్లనే మొదలైనయో మీకు తెలుసు. బోటిమ్, జూమ్, టీమ్స్ లాంటివి ఇక్కడ అనుమతి ఉన్నవి, అవే వాడండి. ఎవరో చెప్పారని వీపీఎన్ జోలికి పోవద్దు. వీపీఎన్ పెట్టి నేరం చేసినా, దాచినా ఇక్కడి చట్టంలో జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాములు. మన బతుకంతా అమ్మినా కట్టలేం.

పది మంది వాడే ల్యాప్‌టాప్‌లో మీ వాట్సాప్ వదిలి పోకండి. ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది. ఒక నంబరుకు ఫోన్ కాక ఇంకా 4 మిషన్లు కలుస్తాయి. అది తెరిచి, మీవి కానివి కనపడితే లాగౌట్ చేయండి. మీరు ఇంటావిడకు రాసిన మాట ఇంకొకరు చదవకూడదు కదా.

మొన్న పదకొండో రోజున ఊళ్లో దినం చేశారు. ముందు రోజు రాత్రే నేను, ఆ ఇంగ్లీష్ క్లాసు తమ్ముడు కూర్చొని ల్యాప్‌టాప్ మొత్తం సరిచేసినం. అన్నీ మూసి, పక్క రూమ్‌కు ఒక కాల్ చేసి చూసినం. పొద్దున కాల్ కలిపింది కూడా ఆ తమ్ముడే. కలిపి లేచి పోబోతుంటే, ఇతను చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

అవ్వ గొంతు వినపడింది. "తిన్నవా బిడ్డా" అని అడిగింది.

బాపు చివరి చూపుకు ఆ మాట లేకపోయింది. అది మళ్లీ రాదు. అందుకే చెప్తున్నాను, ఊరి నుంచి ముఖ్యమైన కాల్ ఉందంటే అరగంట ముందే కూర్చోండి. తెరిచిన యాప్‌లు మూయండి, కెమెరా లైటు చూడండి, హెడ్‌సెట్ ఆపండి, ఒకరికి కాల్ చేసి చూడండి. మీ పని అయినంక మీ యాప్ మూసి లేవండి, తర్వాత కూర్చునేవాడు ఎవరి కోసం కూర్చుంటాడో మనకు తెలియదు.

ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి మా రూమ్ గోడకు అంటించినం. మీరూ రాసుకోండి. రాకపోతే డ్యూటీ అయినంక నా దగ్గరికి రండి, మొహమాటం వద్దు.