తక్కువ ధరలో షాట్‌గన్ మైక్: ముందు మీ రికార్డర్ సాకెట్ చూడండి

"అన్నా, నా చిన్న రికార్డర్‌కి తక్కువలో మంచి షాట్‌గన్ మైక్ చెప్పు" అని చాలామంది అడుగుతున్నారు. ఒకరికి ఊళ్ళో ఒగ్గు కథ రికార్డ్ చేయాలి, ఇంకొకరికి తాతయ్య గొంతు దాచుకోవాలి. ఇవి రెండోసారి దొరికేవి కావు. అందుకే మైక్ పేరు చెప్పేముందు నాదో ప్రశ్న: మీ రికార్డర్‌కి ఏ సాకెట్ ఉంది?

ఎందుకంటే, ఇలాంటి మైక్ పనిచేయాలంటే దానికి కరెంట్ అందాలి. ఆ కరెంట్ ఎక్కడి నుంచి వస్తుందో తేలాకే కొనాలి.

జూమ్ హెచ్1ఎన్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్ లాంటి వాటికి ఉండేది 3.5 ఎంఎం సాకెట్. అందులో వచ్చేది ప్లగ్-ఇన్ పవర్, అంటే కొద్ది వోల్టులే. వీటికి బోయా బీవై-ఎంఎం1, రోడ్ వీడియోమైక్రో సరిపోతాయి, బ్యాటరీ అక్కర్లేదు. కొన్ని రికార్డర్లలో ప్లగ్-ఇన్ పవర్‌ని మెనూలో ఆన్ చేయాలి, అది మర్చిపోకండి. కేబుల్ పిన్ కూడా చూడండి: దాని మీద రెండు గీతలుంటే రికార్డర్‌కి, మూడుంటే ఫోన్‌కి.

జూమ్ హెచ్5 లాంటి దాంట్లో మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ఉంటుంది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇస్తుంది. అప్పుడు ఆడియో-టెక్నికా ఏటీ875ఆర్ చూడొచ్చు. కానీ ఫాంటమ్ లేకపోతే అది అసలు పలకదు. "అడాప్టర్ పెట్టి హెచ్1ఎన్‌కి తగిలిస్తా" అంటే కుదరదు బ్రో. మామూలు అడాప్టర్ పిన్ను మారుస్తుంది, వోల్టేజీ పుట్టించదు. రోడ్ ఎన్‌టీజీ2 అయితే ఒక ఏఏ బ్యాటరీతోనూ నడుస్తుంది. కాకపోతే చిన్న రికార్డర్‌లో గెయిన్ బాగా పెంచాలి, దాంతో పాటు 'స్‌స్‌' అనే హిస్ కూడా పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. షాట్‌గన్ మైక్ అంటే కెమెరా జూమ్ కాదు. దూరంగా ఉన్న గొంతుని దగ్గరికి లాగదు, పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. అది కూడా డోలు లాంటి బరువైన శబ్దాల్ని పెద్దగా ఆపలేదు. చిన్న గదిలో గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వనినీ ఆపలేదు.

దూరం రెట్టింపైతే, నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ ఉన్న గోల మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి కొనేముందు ఈ టెస్ట్ చేయండి. ఇంట్లో ఒకర్ని మాట్లాడమని, రికార్డర్ సొంత మైకులతోనే ముందు ఆరడుగుల దూరం నుంచి, తర్వాత మూరెడు దూరం నుంచి రికార్డ్ చేసి, ఇయర్‌ఫోన్స్‌లో వినండి. మూరెడు దూరంలో బాగుంటే మీకు కావాల్సింది షాట్‌గన్ కాదు, చిన్న స్టాండు, గాలికి అడ్డుగా ఓ బొచ్చు కవరు. మిగిలిన డబ్బు జేబులోనే ఉంటుంది.

దగ్గరికి వెళ్ళే వీల్లేదు, పక్కన గోల ఉంది అంటేనే షాట్‌గన్ కొనండి. కొన్నాక కూడా వీలైనంత దగ్గరే పెట్టండి.

మీ రికార్డర్ మోడల్, మీరు ఏం రికార్డ్ చేయాలనుకుంటున్నారో కామెంట్‌లో రాయండి, చూసి చెప్తా. ఉంటా మరి, బై!