రాజును పొడిచిన సన్యాసి

1589 ఆగస్టు 1న పారిస్ పక్కనున్న సెయింట్ క్లౌడ్‌లో ఫ్రాన్స్ రాజు మూడవ హెన్రీపై హత్యాప్రయత్నం జరిగింది. కత్తి దూసినవాడు జాక్ క్లెమాన్ అనే యువ డొమినికన్ సన్యాసి.

ఫ్రాన్స్‌లో కాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు మధ్య 1562 నుంచి అంతర్యుద్ధాలు సాగుతున్నాయి. మూడవ హెన్రీ కాథలిక్కే అయినా ఆయనకు సంతానం లేదు. 1584లో తమ్ముడు మరణించడంతో వారసత్వం ప్రొటెస్టెంటు అయిన నవార్ హెన్రీకి దక్కే పరిస్థితి వచ్చింది. దాన్ని అడ్డుకోవడానికి కాథలిక్ లీగ్ నడుం బిగించింది. 1588 డిసెంబరులో లీగ్ నాయకుడు గీజ్ ప్రభువును రాజు బ్లువా కోటలో చంపించాడు. దాంతో పారిస్ భగ్గుమంది. బోధకులు చర్చి వేదికల మీదనుంచే రాజును దుయ్యబట్టారు. రాజు నవార్ హెన్రీతో చేతులు కలిపి, నగరాన్ని తిరిగి పట్టుకోవడానికి సైన్యంతో వచ్చాడు.

క్లెమాన్ ఉత్తరాలు తెచ్చానంటూ రాజు గదిలోకి ప్రవేశించాడు. రహస్యంగా చెప్పవలసిన మాట ఉందనడంతో రాజు పరివారాన్ని కాస్త దూరం జరగమన్నాడు. రాజు ఉత్తరం చదువుతుండగా, దాచిన కత్తి తీసి పొత్తికడుపులో పొడిచాడు. అంగరక్షకులు హంతకుణ్ణి అక్కడికక్కడే చంపేశారు. రాజు మర్నాడు మరణించాడు. ఆయనతో 1328 నుంచి సాగిన వాల్వా వంశ పాలన ముగిసింది.

లీగ్ వారు క్లెమాన్‌ను అమరవీరుడిగా కీర్తించారు. కానీ ఆ హత్య వారు కోరుకున్నదానికి విరుద్ధమైన ఫలితాన్నే ఇచ్చింది. నవార్ హెన్రీయే నాలుగవ హెన్రీ అయ్యాడు. 1593లో కాథలిక్ మతం స్వీకరించి, 1598లో నాంట్ శాసనంతో ప్రొటెస్టెంట్లకు ఆరాధనా హక్కులు కల్పించి, యుద్ధాలకు తెరదించాడు.