వరద తీసిన తరువాత: తడిసిన కాగితానికి రెండు రోజుల గడువు

నీట మునిగిన కాగితాన్ని బతికించుకోవడమే నేటి నా విషయం.

1972 జూన్ 23న ఆగ్నెస్ తుపాను వానలకు న్యూయార్క్ రాష్ట్రంలోని షెమంగ్ నది పొంగి కార్నింగ్ పట్టణాన్ని ముంచింది. అక్కడి గాజు మ్యూజియంలో అయిదడుగులకు పైగా నీరు నిలిచింది. సుమారు 13,000 గాజు వస్తువుల్లో 528 దెబ్బతిన్నాయి. అంతకన్నా పెద్ద దెబ్బ మ్యూజియం గ్రంథాలయానికి తగిలింది. పగిలిన గాజు ముక్కలను ఏరి దాచుకుంటే ఎప్పుడైనా తీరిగ్గా అతికించుకోవచ్చు. కాగితం అలా ఆగదు. ఉక్కగా ఉన్న గదిలో రెండు రోజులకే బూజు పడుతుంది. ఆర్ట్ పేపరు పుటలు అంటుకుని ఆరితే ఇటుకలా బిగిసిపోతాయి, వాటిని విడదీయడం దాదాపు అసాధ్యం.

కార్నింగ్ వారు తడిసిన పుస్తకాలను గడ్డకట్టించారు. గడ్డకట్టిన పుస్తకంలో బూజు పెరగదు, సిరా పాకదు. నెలల తరువాతైనా కొన్ని కొన్నిగా తీసి బాగుచేయవచ్చు. గాలి తీసేసిన గదిలో ఉంచితే మంచు నీరుగా మారకుండానే ఆవిరై పోతుంది, కాగితం మళ్లీ తడవదు.

అంతకు ఆరేళ్ల ముందు, 1966 నవంబరు 4న ఆర్నో నది ఫ్లోరెన్స్‌ను ముంచినప్పుడు ఈ మార్గం అందుబాటులో లేదు. జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదపాలయ్యాయి. దేశదేశాల యువతీయువకులు వరుసగా నిలబడి నేలమాళిగ నుంచి వాటిని చేతులు మార్చుకుంటూ పైకి అందించారు. చాలా పుస్తకాలను పొగాకు బ్యారన్లలో ఆరబెట్టారు. వేడి ఎక్కువైతే తోలు అట్టలు ముడుచుకుపోతాయని ఆ అనుభవం నేర్పింది. అక్కడ పనిచేసిన బ్రిటిష్ బైండరు పీటర్ వాటర్స్ తరువాత అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో చేరి, తడిసిన పుస్తకాలను రక్షించే పద్ధతులపై 1975లో ఒక కరదీపిక వెలువరించారు.

ఇక మన సంగతి. తాటాకుపై అక్షరాన్ని గంటంతో గీస్తారు కనుక, నీటికి మసి కొట్టుకుపోయినా గీత నిలుస్తుంది. మళ్లీ మసి, నూనె పూసి తుడిస్తే చదవవచ్చు. ఎండలో వేస్తే మాత్రం ఆకు వంకర తిరిగి చిట్లుతుంది. నీడపట్టున గాలికే ఆరాలి. ఫౌంటెన్ పెన్నుతో రాసిన ఉత్తరానికి ఆ అదృష్టం లేదు, తడిస్తే సిరా చెదిరిపోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తీరు చూశాం. అలాంటి రోజున పుస్తకాలను ఎక్కడ గడ్డకట్టిస్తాం? మిర్చి కోల్డ్ స్టోరేజీ చల్లదనం చాలదు. రొయ్యల ఎగుమతి ప్లాంట్లలో మైనస్ 18 డిగ్రీల గదులున్నాయి. వారితో మాట వరద వచ్చాక కాదు, ఇప్పుడే మాట్లాడుకోవాలి. పాత గాజు ఫలకాల ఫోటోలను మాత్రం గడ్డకట్టించకూడదు. ఈ తేడా సిబ్బందికి ముందే తెలిసి ఉండాలి.

ఈ సభలోని ప్రతి సంస్థకూ నా విన్నపం ఒక్కటే. తుపాను కాలం రాకముందే అడుగు అరల్లోని పుస్తకాలను పైకెక్కించండి. ముందుగా ఏది బయటికి తేవాలో జాబితా రాసి తలుపు పక్కన అంటించండి. ఆ జాబితాలో మొదటి పేరు వచ్చిన ప్రతి వస్తువునూ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరుదే కావాలి. అది పోతే మిగిలిన వస్తువు ఎవరిదో, ఎక్కడిదో చెప్పేవారుండరు. దాని నకలొకటి నేడే మరో ఊళ్లో భద్రపరచండి.