ఉద్యోగంలో చేరాక కూడా చదవాలా?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేమంటే ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన నలుగురం. ఒకరు రెవిన్యూ, ఒకరు ఇరిగేషను, ఇద్దరు బడిపంతుళ్ళం. మా నలుగురి మాటా కలిపి ఈ కాగితం మీద రాసుకున్నాము. చదివేది ఒకరే గాని తప్పులుంటే నలుగురివీను.

మన ఇళ్ళల్లో తరచు వినబడే మాట ఒకటుంది. "మావాడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చేసిందండి, ఇంకా చదువెందుకు?" అంటారు. ఉద్యోగం రావడమే గగనమైన రోజుల్లో ఆ సంతోషాన్ని తప్పుపట్టము. అయితే ఆ మాట నమ్మి మాలో ఒకరు ఎంత పోగొట్టుకున్నారో ముందు మనవి చేస్తాము.

ఆయన 1978లో ఒక తాలూకా ఆఫీసులో అటెండరుగా చేరారు. చదువు పదో తరగతి. అదే వారంలో, అదే చదువుతో మరొకాయన కూడా చేరాడు. ఆ రెండో ఆయన ప్రైవేటుగా ఇంటర్మీడియెట్ కట్టాడు. పగలు ఫైళ్ళు మోసి, రాత్రి కిరసనాయిలు దీపం దగ్గర చదివేవాడు. మనవారు నవ్వేవారు, "ఏమోయ్, కలెక్టరు అవుతావా?" అని. కలెక్టరు కాలేదు గాని జూనియర్ అసిస్టెంటు అయ్యాడు, అకౌంట్సు టెస్టు పాసై సీనియర్ అయ్యాడు, చివరకు డిప్యూటీ తహసీల్దారుగా దిగాడు. మనవారు రికార్డు అసిస్టెంటుగానే ఆగిపోయారు. ఆయన చెప్పుకునే బాధ జీతం గురించి కాదు. డిగ్రీతో నేరుగా వచ్చిన కుర్రవాడికి నోట్‌ఫైలు ఎలా పెట్టాలో, పాత అడంగలు ఏ బీరువాలో ఉంటుందో తానే నేర్పారు. రెండేళ్ళు తిరక్కుండా ఆ కుర్రవాడు కుర్చీలో కూర్చుని, "చాచా, ఆ ఫైలు ఇలా పట్రండి" అన్నాడట. కుర్రవాడు మర్యాదస్తుడే, అనడంలో తప్పులేదు. విన్నవారికే ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇది న్యాయమేనా అని అడుగుతారు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం గొప్పదా, మూడేళ్ళ డిగ్రీ గొప్పదా? ఈ తగవు మన ఆంధ్రప్రదేశ్ నుండే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1956 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడినప్పుడు హైదరాబాదు సర్కారులోని ఇంజనీరింగు సూపర్‌వైజర్లనూ, ఆంధ్ర వైపు సూపర్‌వైజర్లనూ ఒకే గాటన కట్టవలసి వచ్చింది. మద్రాసు నుండి వచ్చిన ఆంధ్ర పద్ధతిలో డిగ్రీ ఉన్న సూపర్‌వైజరుకు పేరూ వేరే, జీతమూ వేరే. అసిస్టెంటు ఇంజనీరు ప్రమోషన్లలో కూడా పట్టభద్రులకు ఎక్కువ, తక్కినవారికి తక్కువ ఖాళీలు పెట్టారు. మహమ్మద్ షుజాత్ అలీ గారు, మరికొందరు దీనిమీద కోర్టుకెక్కారు. 1974లో తీర్పు వచ్చింది, రాసినవారు జస్టిస్ భగవతి.

ఆ తీర్పును మేము చాలాసార్లు చదువుకున్నాము. పై ఉద్యోగంలో చేయవలసిన పనికి అవసరం లేకుండా కేవలం చదువు పేరు మీద మనుషులను విడదీస్తే సమానత్వం దెబ్బతింటుందనీ, డిగ్రీ లేనివాడు కూడా ఆ పనికి తగినవాడేనని ఒప్పుకుంటూనే అతనికి వాటా తగ్గించడం సబబు కాదనీ సారాంశంగా చెప్పారు. ఆ మాట చదివినప్పుడు మా రికార్డు అసిస్టెంటు గారి కళ్ళు చెమర్చాయి. అయితే చివరికి ఏమైంది? ఆ రెండు తరగతులూ మొదటినుండీ వేరువేరుగానే నడిచి వచ్చాయి కనుక ఈ రూలు చెల్లుతుందని తేల్చారు. అంతకు కొద్దిగా ముందే కాశ్మీరు ఇంజనీర్ల కేసులో, త్రిలోకీనాథ్ ఖోసా గారిది, పై పోస్టుకు డిగ్రీ ఉన్నవారినే ప్రమోటు చేస్తామనే రూలును సుప్రీంకోర్టు నిలబెట్టింది. మాట మనవైపు, తీర్పు రూలువైపు. కోర్టు మీద ఆశపెట్టుకుని కూర్చున్నవాడి సర్వీసు ఆగదు గదండి, కరిగిపోతూనే ఉంటుంది.

మనవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. 2007 చట్టంతో వచ్చిన బి.సి.-ఇ నాలుగు శాతం చదువుల సీట్లకు, నేరుగా తీసుకునే ఉద్యోగాలకు వర్తిస్తుంది. సయ్యద్, పఠాన్ మొదలైన కొన్ని వర్గాలకు అదీ లేదు. దూదేకుల వారిది బి.సి.-బి. ఇదంతా గుమ్మం దగ్గర మాత్రమే. లోపలికి వెళ్ళాక ప్రమోషనులో బి.సి. రిజర్వేషను లేదు. అక్కడ సీనియారిటీ, చదువు, డిపార్టుమెంటు పరీక్షలు, మీ మీద పై ఆఫీసరు రాసిన రిపోర్టు, ఇవే దిక్కు. మొదటి మూడింట్లో చదువూ పరీక్షలూ మన చేతిలో ఉన్నవి.

డిపార్టుమెంటు పరీక్షలను ఎ.పి.పి.ఎస్.సి. వారు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు పెడతారు. వాటిలో కొన్ని పేపర్లు పుస్తకం చూసి రాసేవే. చూసి రాయడమే గదా అని దిలాసాగా వెళ్ళి తప్పినవారు మాలోనే ఇద్దరున్నారు. ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది గాని, మా రోజుల్లో కాకినాడలో పరీక్ష రాయాలంటే ముక్తేశ్వరం రేవులో పడవెక్కి కోటిపల్లిలో దిగేవాళ్ళం. చంకలో ఆర్థిక కోడు, చేతిలో టిఫిను క్యారేజీ. పరీక్ష హాల్లో పుస్తకం తెరిస్తే ఏ రూలు ఏ పేజీలో ఉందో తెలియక చెమటలు పట్టేవి. పుస్తకం ఉన్నవాడికి కాదు, పుస్తకం తిరగేసినవాడికే ఆ సదుపాయం.

తేదీల సంగతి ఇంకా గడ్డుది. 1996 నాటి సర్వీసు రూల్సులో ప్రమోషను ప్యానెల్ ఏడాది సెప్టెంబరు 1న మొదలై మరుసటి ఆగస్టు 31తో ముగిసేలా పెట్టారు. ప్యానెల్ ఏడాది మొదలయ్యేనాటికి మీకు అర్హత ఉందా లేదా అన్నదే చూస్తారు. మాలో ఒక మేష్టారు కూతురి పెళ్ళి హడావుడిలో మే నెల పరీక్షకు అప్లికేషను పెట్టలేదు. నవంబరులో పాసయ్యారు. ఈలోగా సెప్టెంబరు దాటిపోయింది, ప్యానెల్లో తనకంటే జూనియర్ పేరు వచ్చింది. తప్పెవరిదని ఆయన్ను అడిగితే నవ్వి ఊరుకుంటారు.

ఇప్పుడు టీచర్ల మాట. మన ఆడపిల్లలు ఎక్కువగా ఉన్న శాఖ ఇదే. డి.ఇడి. చేసి సెకండరీ గ్రేడు టీచరుగా చేరిన అమ్మాయి స్కూలు అసిస్టెంటు కావాలంటే డిగ్రీ, బి.ఇడి. ఉండాలి. దానికి తోడు 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు టెట్ విషయంలో పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ కేసు పేరులో ఉన్నది మహారాష్ట్రకు చెందిన మన మైనారిటీ ట్రస్టే, అంజుమన్ ఇషాఅతే తాలీమ్. ఆ తీర్పు ప్రకారం రిటైరుకు అయిదేళ్ళకు మించి సర్వీసు ఉన్నవారు ఎప్పుడో చేరినా సరే రెండేళ్ళలో టెట్ పాసు కావాలి. అయిదేళ్ళ లోపున్నవారు టెట్ లేకుండా రిటైరయ్యేదాకా చేయవచ్చు గాని, ప్రమోషను మాత్రం రాదు. మైనారిటీ స్కూళ్ళకు ఇది వర్తించాలా అన్న ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి నివేదించారు. ప్రభుత్వ, పరిషత్ బడుల్లో ఉన్న మనవారు ఆ వెసులుబాటు మనకూ ఉందనుకుని పొరబడవద్దు. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవారిని మళ్ళీ పరీక్ష రాయమనడం మాకూ కష్టంగానే తోస్తుంది. ఆ కష్టాన్ని యూనియన్లు చూసుకోనివ్వండి, మీరు పుస్తకం తీయండి. ఆంధ్ర టెట్‌లో బి.సి.లకు 50 శాతం మార్కులు చాలు.

దూరవిద్యలో చేరేవారు డబ్బు కట్టే ముందే ఆ కోర్సుకు యు.జి.సి. గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఆఫీసులో అనుమతి కాగితం తీసుకోండి. పాసయ్యాక సర్టిఫికెట్ ఇనప్పెట్టెలో దాచి మురిసిపోవద్దు, సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ వేయించండి. ఎంట్రీ లేని చదువు ఆఫీసు లెక్కలో చదువే కాదు.

తండ్రి పోయి కారుణ్య నియామకం మీద చిన్న వయసులో అటెండరుగా చేరిన పిల్లలు మన సభ్యుల ఇళ్ళల్లో ఉన్నారు. ఆ తల్లులు ముందు వరుసలోనే కూర్చున్నారు. అమ్మా, కొడుకు జీతం ఇంటికి తెస్తున్నాడు, సంతోషం. సాయంత్రాలు అతన్ని ఇంటిపనులకూ బజారు పనులకూ తిప్పకండి, ఓ రెండు గంటలు వదిలెయ్యండి. ఇంటరు ఫీజు భారమనుకుంటే సంఘం పెద్దలతో చెవిలో ఒక మాట వేయండి, పదిమందిలో అడగనక్కరలేదు.

వచ్చే ఆదివారం నుండి సంఘం గదిలో సాయంత్రం నాలుగింటికి మేము నలుగురం కూర్చుంటాము. అకౌంట్సు టెస్టుకు ఒక బల్ల, టెట్‌కు ఒక బల్ల. పాత కోడు పుస్తకాలు మా దగ్గరున్నాయి, కొన్నిటికి అట్టలు ఊడిపోయాయి గాని పేజీలు సరిగానే ఉన్నాయి. వచ్చేవారు సర్వీసు రిజిస్టరు జిరాక్సు తెచ్చుకోండి. మా రికార్డు అసిస్టెంటు గారు గుమ్మం దగ్గరే ఉంటారు, ముందు ఆయనకు చూపించండి.