ఉగాది ముందు ఇంటి మరమ్మతు

నేను రైల్వే గుమాస్తాను, వక్తను కాను. కార్యదర్శిగారు నాలుగు మాటలు చెప్పమన్నారు గనుక నిరుడు మా ఇంట జరిగినదే చెబుతాను.

ఖుర్దా రోడ్డులో మా నాన్నగారు కట్టించిన ఇంటికి ఏటా పండుగకు ముందు సున్నం వేయిస్తాము. నిరుడు తలుపులకు కూడా కొత్త రంగు వేయాలని, డబ్బు కలిసివస్తుందని, పాత రంగును నేనే గరుకు కాగితంతో పొడిగా రుద్దాను. వసారా అంతా ధూళి. రెండేళ్ళ మా అమ్మాయి అందులో ఆడి, వేళ్ళు నోట పెట్టుకున్నది. ఊడ్చిన పొడిని తులసికోట మొదట పోసినవాణ్ణీ నేనే!

పాత రంగులలో చాలావాటిలో సీసం ఉండేది. ఇంటి రంగులలో అది పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి గాని అమలుకు రాలేదు. సీసం పసివాళ్ళ మెదడును చెరుస్తుంది. ఇంతవరకు పరవాలేదనే హద్దు లేదు.

డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు. ఫలితం వచ్చేదాకా మా ఇంట పండుగ లేదు. సీసం కనిపించింది, కొద్దిగానే. మూడు మాసాల తరువాత చూస్తే తగ్గింది.

కనుక పెచ్చులూడని పాత రంగును గీకకండి. దానిపైనే కొత్తది వేయించండి. గీకక తప్పకపోతే నీళ్ళు చల్లి, తడిమీదనే రుద్దాలి. పెయింటరు నవ్వుతాడు, నవ్వనీయండి. దీపంతో కాల్చరాదు. పిల్లలను, గర్భిణులను ఆ నాలుగు రోజులు వేరే ఇంట ఉంచండి. చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి. రాలిన పొడిని కాలువలో పోయక సంచిలో మూతికట్టండి. పైకప్పు ఆస్‌బెస్టాస్ రేకులదైతే రంపం పెట్టించకండి. ఆ నూగు ఊపిరితిత్తులకు చేటు.

తులసికోటలో మన్ను మార్చాము. టేకు తలుపులు మాత్రం ఇంకా సగం పాత రంగుతోనే ఉన్నాయి. మా ఇంటికి వస్తే చూస్తారు.