ఇంటి ముంగిట ఇంజను సామాను
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఉగాది వస్తున్నదంటే మనవాళ్ళు ఇల్లంతా దులిపి గోడలకు సున్నము వేస్తారు. ఇరుగుపొరుగు మరాఠీవారు అదే రోజున గుడి నిలబెట్టుకొంటారు. వాకిట్లోని కారుకు మాత్రము ఒక పూలదండ, ఒక నిమ్మకాయ దక్కుతాయి. బానెటు ఎత్తి చూసేవారు తక్కువ. ఎత్తితే మసి, జిడ్డు, తుప్పు! ఆ లోపలి సామానును ఇంటి దగ్గరనే కడిగి రంగు వేసుకొనే విధానము చెప్పమని సంఘము వారు కోరినారు. మేము రైల్వే గుమాస్తాలము, కలము పట్టిన చేతులు. అయినా మా మామగారు నిజామాబాదు నుండి తెచ్చుకొన్న పాత అంబాసిడరును మూడు వేసవులుగా ఊడదీసి, కడిగి, బిగించుకొంటున్నాము గనుక ధైర్యము చేస్తున్నాము.

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. అంతకు చాలా ముందే పద్మిని పోయినది. ఇటువంటి బండ్లకు టాపెట్ కవరు తుప్పు పట్టి చిల్లిపడితే దుకాణములో కొత్తది అడుగుట దండుగ. ఉన్నదానినే కాపాడుకొనవలెను. రంగు అందుకొరకే గాని పెళ్ళివారికి చూపించుటకు కాదు. రంగు డబ్బా కొనుక్కొన్న రోజే పని అయిపోయినదని మనవాళ్ళనుకొంటారు. నిజానికి పదింట తొమ్మిది వంతుల పని తోముటలోనే ఉన్నది. జిడ్డు మీద వేసిన రంగు మొదటి వానకే పొరలు పొరలుగా లేస్తుంది.

ముందు బ్యాటరీ తీగ విప్పవలెను. ఊడదీసిన ప్రతి బోల్టును ఏ భాగముదో ఆ భాగము పేరు వ్రాసిన డబ్బాలో వేయవలెను. ఇది మా గుమాస్తాల బుద్ధి, నవ్వినా ఫరవాలేదు. ఆ పైన మొండి చాకుతో మడ్డిని గోకి తీసి, సబ్బునీళ్ళతో, పాత పళ్ళబ్రష్షుతో రుద్దితే సగము జిడ్డు వదులుతుంది. మిగిలినదానికి కొంచెము కిరోసిన్ చాలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. పెట్రోలుతో కడుగుట మన వీధులలో పెద్ద అలవాటు. త్వరగా పోతుందని చెబుతారు. పెట్రోలు సున్నకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకొనేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటె బరువు. నేల వెంబడి పాకుతూ గడప దాటి వంటింటి పొయ్యి దాకా పోతుంది. మంట అక్కడ అంటుకొని ఇక్కడికి వస్తుంది. కిరోసిన్ అంత ప్రమాదకరము కాదుగాని, మన నాందేడు ప్రాంతములో మే నెల మధ్యాహ్నము 42 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కిరోసిన్ ఆవిరి కూడా నిప్పు అందుకోగలదు. కాబట్టి పని తెల్లవారుజామున, ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరముగా జరగవలెను. పక్కన బక్కెట్టు నిండా ఇసుక ఉండవలెను. వసారా నీడలో పెట్టుకొన్నాము, గాలి వస్తున్నది గదా అంటారు కొందరు. వసారాకు మూడు వైపులా గోడలున్నాయి. అది ఆరుబయలు కాదు.

తరువాత ఏది ఇనుము, ఏది అల్యూమినియము అని తేల్చుకొనవలెను. పాత రేడియో స్పీకరులోని అయస్కాంతము చాలు. అంటుకొంటే ఇనుము. అల్యూమినియము భాగమును కాస్టిక్ సోడాలో వేయరాదు. నురగ పొంగి లోహమే కరిగిపోతుంది, పైగా మండే వాయువు పుడుతుంది. తుప్పు పట్టిన ఇనుప బ్రాకెట్లకు, పుల్లీలకు నిమ్మ ఉప్పు మంచిది. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి రాత్రంతా నానవేస్తే తెల్లవారి తుప్పు బ్రష్షుకే రాలుతుంది. స్ప్రింగులను మాత్రము పులుపులో వేయకండి, పెళుసెక్కి విరుగుతాయి. నానిన సామానును బట్టల సోడా నీళ్ళలో ముంచి, కడిగి, వెంటనే తుడిచి ఎండలో పెట్టవలెను. కాఫీ త్రాగి వద్దామని లేస్తే ఆ లోగానే మళ్ళీ ఎర్రబడుతుంది. అదే పూట రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పడవలెను.

పాత రంగును పొడిగా గీకరాదు, తడిపి గీకవలెను. ఇంటి రంగులలో సీసము 90 పి.పి.ఎం. మించరాదని 2016లో నిబంధన చేసినారు. పాత బండి రంగుకు ఆ భరోసా లేదు. పసిపిల్లలు ఆడుకొనే చోట ఆ పొడి పడరాదు.

ఇక రంగు. పలుచగా రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఆరుదల. ప్యాకింగు కూర్చునే ముఖములకు, బోల్టు మరలకు, ఆయిల్ చాంబరు లోపలికి రంగు తగలరాదు. ఎర్తు తీగ తాకే చోట నిగనిగలాడే ఇనుమే ఉండవలెను, లేకపోతే సెల్ఫ్ తిరగదు. సైలెన్సరు మొదలు దగ్గర మామూలు ఎనామిలు కాలి కంపుకొడుతుంది. అక్కడికి 600 డిగ్రీలకు ఆగే రంగు వేరే దొరుకుతుంది.

అన్నిటికంటె ముఖ్యము, మనబోటి వలసవచ్చినవారికి మరీ ముఖ్యము, ఇంజను నంబరు. మనలో చాలామంది బండ్లు ఏ.పి. 25 తోనో, టి.ఎస్. 16 తోనో గోదావరి దాటి వచ్చినవే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము వేరే రాష్ట్రములో 12 నెలలు దాటి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకొనవలెను. మనకైతే ఎం.హెచ్. 26. బండికి 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషను మళ్ళీ చేయించవలెను. అప్పుడు ఇంజను మీద కొట్టిన అంకెలను పుస్తకములోని అంకెలతో పోల్చి చూస్తారు. మనవారిలో ఒకరి ఇంజనును ఒక షెడ్డులో గ్రైండరుతో తళతళలాడించి ఇచ్చినారు. మూడు అంకెలు మాయమైనవి. సొంత డబ్బు పెట్టి కొన్న బండి! దొంగబండి కాదని నిరూపించుకొనుటకు ఆయన నిజామాబాదుకూ నాందేడుకూ ఎన్నిసార్లు తిరిగినాడో మా టిక్కెట్ల కిటికీకే తెలుసు. ఇంటిల్లిపాదికీ అన్నము పెట్టే బండి అన్నాళ్ళూ వాకిట్లోనే నిలబడినది. కనుక ఆ చోట వైరు బ్రష్షు, గరుకు కాగితము కూడా వద్దు. కిరోసిన్ తడిపిన గుడ్డతో మెల్లగా తుడిచి, అంకెలకు ఫోటో తీసి ఉంచుకొని, రంగు వేసేటప్పుడు పైన కాగితపు పట్టీ అంటించండి. రంగు ఆరిన తరువాత పట్టీ తీసి, సన్నగా నూనె రాయండి.

చివరగా ఆ నల్లని మడ్డి నూనె. మోరీలో పోస్తే ఎక్కడికి పోతుంది? గోదావరికి. ఇక్కడి నీటి కొరకు రెండు రాష్ట్రములు సుప్రీంకోర్టు దాకా పోయినవి. 2013 ఫిబ్రవరి 28 నాటి తీర్పు ప్రకారము ఏటా జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు బాబ్లీ గేట్లు పైకెత్తి ఉంచుతారు. ఆ నీరు శ్రీరాంసాగరుకు చేరుతుంది. నిజామాబాదు వైపు మన అక్కచెల్లెళ్ళ ఇండ్లకు త్రాగునీరు అక్కడినుండే పోతుంది. వాడిన నూనెనూ, కిరోసిన్ మడ్డినీ వేరువేరు డబ్బాలలో మూత బిగించి ఉంచి, పాత నూనె తీసుకొనే అనుమతి గలవారికి ఇవ్వండి. జిడ్డు పేలికలను ఇంట్లో కుప్ప వేయకుండా ఆరుబయట మూత ఉన్న రేకుడబ్బాలో ఉంచండి.

అయస్కాంతము, పానాల పెట్టె మా ఇంట్లో ఉన్నవి. కావలసినవారు ఆదివారము ఉదయము వచ్చి తీసుకొనవచ్చును. పుస్తకములో సంతకము చేసి తీసుకొనవలెను. సెలవు.