చేతికి అందినది ఎంత? అసలు జీతం ఎంత?

కాడుగోడిలో మా పిల్లలు బడిలో శాతాన్ని కన్నడంలో ‘శేకడా’ అంటారు, ఇంటికి వెళితే తెలుగులో ‘నూటికి ఇంత’ అంటారు. నాకు ఇంటిమాటే నచ్చుతుంది. ఏ నూటికి అన్న ప్రశ్న అందులోనే ఉంది.

ఒకాయన ఆదాయంలో నూటికి 20 దాచుకుంటాడు, నెలఖర్చు 12,000 రూపాయలు. ఆదాయం ఎంత? చాలామంది పన్నెండు వేలకు 20 శాతం కట్టి, దానికే కలిపి 14,400 అంటారు. కానీ ఆ ఇరవై ఆదాయంలోది, ఖర్చులోది కాదు. దాచినది 20 అయితే ఖర్చు 80. ఎనభైకి నూరు అయితే 12,000కి 15,000. అందులో అయిదోవంతు 3,000 తీసి చూడండి, సరిపోతుంది.

ఇది పరీక్షకు మాత్రమే పనికివచ్చే లెక్క కాదు. 2023 మార్చిలో మెట్రో రైలు వచ్చిన ఈ కాడుగోడి నుంచి, చుట్టుపక్కల నుంచి ఎందరో ఆఫీసులు శుభ్రం చేసే పనికి, కాపలా పనికి కంట్రాక్టరు కింద వెళతారు. జీతం చీటీ అందరికీ అందదు. ఒక అక్కయ్యకు నెలకు 12,215 రూపాయలు చేతికి వస్తున్నదనుకుందాం. పి.ఎఫ్. కింద నూటికి 12 రూపాయలు, ఇ.ఎస్.ఐ. కింద 75 పైసలు పట్టుకున్నారు. జీతమంతా పి.ఎఫ్. లెక్కలోకి వచ్చేదే, వేరే కోతలు లేవు అనుకుంటే, ఆమెకు అందినది నూటికి 87 రూపాయల 25 పైసలు. 12,215ను 87.25తో భాగించి నూరుతో గుణిస్తే అసలు జీతం 14,000. పి.ఎఫ్. 1,680, ఇ.ఎస్.ఐ. 105.

ఆమె చేతికొచ్చిన డబ్బు మీదే 12 శాతం కట్టిందనుకోండి, సుమారు 1,466 వస్తుంది. పాస్‌బుక్‌లో ఆమె వాటా అంతే పడినా సరిగ్గానే ఉందనుకుంటుంది. నెలకు 214 రూపాయలు తగ్గిన సంగతే తెలియదు. ఏడాదికి రెండున్నర వేలు దాటుతుంది! యజమాని వాటా పాస్‌బుక్‌లో వేరుగా ఉంటుంది. దాన్ని ఇందులో కలపకండి.

ఇంకొక చిక్కు. ఆదాయంలో నూటికి 25 అద్దెకు, మిగిలినదాంట్లో నూటికి 80 ఇంటిఖర్చుకు పోగా 2,400 మిగిలింది. 25నూ 80నీ కూడితే 105! నూటికి నూట అయిదు ఖర్చయితే అప్పు ఉండాలి గాని, చేతిలో డబ్బెలా ఉంది? నూరు మారిందన్నమాట. అద్దె పోతే 75, అందులో అయిదోవంతు 15. పదిహేనుకు 2,400 అయితే నూరుకు 16,000. పిల్లలకు ఇదొక్కటి చెబితే చాలు, నవ్వుకుంటూ నేర్చుకుంటారు.

పత్రికల్లోని అంకెలనూ ఇలాగే చూడాలి. 2022-23 కేంద్ర గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో తిండి ఖర్చు నూటికి సుమారు 39. 1999-2000లో 48. ఇక్కడ నూరంటే ఖర్చు, ఆదాయం కాదు. ఆ నిష్పత్తిలోనే ఖర్చుచేసే ఇంట్లో తిండికి 7,800 అయితే మొత్తం ఖర్చు 20,000 అని తేలుతుంది. ఆదాయం తేలాలంటే ఆ ఇంటివాళ్ళు ఎంత దాచారో కూడా అడగాలి.